ఆస్ట్రేలియా స్టేట్ నామినేషన్: రాయగడ, గుణుపురం, బరంపురం వైపు మనోళ్ళకి మొదటి కాగితం నుంచి వీసా దాకా

ఆస్ట్రేలియా పీఆర్, అంటే అక్కడ శాశ్వతంగా ఉండే హక్కు, అనగానే మనవైపు ఎవరైనా మొదట అడిగేది "నాకు ఎన్ని పాయింట్లు వస్తాయి" అనే. పాయింట్లు కావాలి, కాదనట్లేదు, కానీ స్టేట్ నామినేషన్ దగ్గర అసలు సంగతి రెండు విషయాల మీద నడుస్తుంది: మీరు చేసే పని ఆ రాష్ట్రానికి ఈ ఏడాది కావాలా, ఆ పని మీరు నిజంగా చేశారని మీ దగ్గరున్న కాగితాలు చెప్తున్నాయా. మొదటిది మన చేతిలో లేదు. రెండోది పూర్తిగా మన చేతిలోనే ఉంది, అయినా పర్లాకిమిడి నుంచి జయపురం దాకా ఎక్కువ ఫైళ్ళు ఆగిపోయేది అక్కడే. అందుకే ఇందులో కాగితాల గురించి కాస్త ఎక్కువే చెప్తాను, విసుక్కోకండి.

ముందు ఏ వీసానో తేల్చుకోండి

పాయింట్ల మీద నడిచే వీసాలు మూడు. 189 అంటే ఏ రాష్ట్రమూ అక్కర్లేదు, నేరుగా పీఆర్, కానీ పోటీ బాగా ఎక్కువ. 190 అంటే ఒక రాష్ట్ర ప్రభుత్వం మిమ్మల్ని నామినేట్ చేస్తుంది, దానికి 5 పాయింట్లు కలుస్తాయి, ఇది కూడా వచ్చిన రోజు నుంచే పీఆర్. 491 అంటే రీజనల్ వీసా, దీనికి 15 పాయింట్లు కలుస్తాయి, కానీ ఇది 5 ఏళ్ళ తాత్కాలిక వీసా, రీజనల్ ఏరియాలోనే ఉండాలి, పని చేసినా చదివినా అక్కడే, మూడేళ్ళయ్యాక 191 అనే దానితో పీఆర్‌కి వెళ్ళొచ్చు. ఈ 491 నవంబర్ 2019లో మొదలైంది, అంతకు ముందు 489 ఉండేది, ఇంకా ఎవరైనా 489 గురించి చెప్తుంటే వాళ్ళ సమాచారం పాతదని అర్థం.

రీజనల్ అనగానే ఏదో అడవి అనుకుంటారు. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ నగరాలు తప్ప దాదాపు మిగతాదంతా రీజనలే, పెర్త్, అడిలైడ్, కాన్‌బెర్రా, హోబార్ట్, గోల్డ్ కోస్ట్, న్యూకాజిల్, జీలాంగ్ అన్నీ అందులోకే వస్తాయి. పెర్త్‌లో ఉండటం కష్టం అనేవాళ్ళకి మాత్రం నా దగ్గర సమాధానం లేదు.

491లో ఒక మెలిక ముందే తెలుసుకోండి. అది తీసుకున్నాక మూడేళ్ళ లోపు 189కో 190కో మారిపోదాం అంటే, ఏదో ప్రత్యేక పరిస్థితి ఉంటే తప్ప కుదరదు. అంటే ఆ రీజనల్ జీవితానికి నిజంగా సిద్ధపడే వెళ్ళాలి.

మీ పనికి కోడ్ ఏటో చూసుకోండి

ఆస్ట్రేలియా వాళ్ళు ప్రతి పనికీ ఆంజ్‌స్కో అనే 6 అంకెల కోడ్ పెట్టుకున్నారు. సివిల్ ఇంజనీర్ 233211, మెకానికల్ ఇంజనీర్ 233512, ప్రొడక్షన్ లేదా ప్లాంట్ ఇంజనీర్ 233513, కెమికల్ ఇంజనీర్ 233111, మెటలర్జిస్ట్ 234912, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ 261313, జనరల్ ఎలక్ట్రీషియన్ 341111, జనరల్ ఫిట్టర్ 323211. ఇక్కడ డిజిగ్నేషన్ కాదు చూడాల్సింది, రోజూ చేసే పని. మన ఫ్యాక్టరీల్లో అందరికీ "అసిస్టెంట్ మేనేజర్" అనో "షిఫ్ట్ ఇంచార్జ్" అనో ఉంటుంది, కానీ చేసేది మెయింటెనెన్స్ ప్లానింగ్ కావొచ్చు, ప్రాసెస్ కంట్రోల్ కావొచ్చు. కోడ్ పక్కన ఆ పనిలో ఏమేం చేస్తారో రాసి ఉంటుంది, అది చదివి, మీ పనిలో ఎక్కువ భాగం దానికి సరిపోతోందా అని నిజాయితీగా చూసుకోండి. ఏ రాష్ట్రం లిస్టులో ఏ కోడ్ ఉందో చూసి దానికి తగ్గట్టు పనిని మార్చి రాసే పని మాత్రం పెట్టుకోవద్దు, అది ఎక్కడో ఒకచోట బయటపడుతుంది.

స్కిల్ అసెస్‌మెంట్

కోడ్ తేలాక, మీ చదువూ అనుభవమూ ఆ పనికి సరిపోతాయా అని చూసే అసెస్‌మెంట్‌ని ఆ కోడ్‌కి ఏ సంస్థ చేస్తుందో చూడాలి. ఐటీ వాళ్ళకి ఏసీఎస్, ఇంజనీర్లకి ఇంజనీర్స్ ఆస్ట్రేలియా, ట్రేడ్ పనులకి టీఆర్‌ఏ, నర్సులకి ఆన్‌మాక్, టీచర్లకి ఎయిట్సిల్, ఇంకా చాలా ఉద్యోగాలకి వెటాసెస్.

ఇంజనీర్లకి ఒక మాట. ఇంజనీరింగ్ డిగ్రీలని దేశాలు పరస్పరం గుర్తించే ఒప్పందం వాషింగ్టన్ అకార్డ్, ఇండియా 2014లో అందులో చేరింది, ఆ తర్వాత ఎన్‌బీఏ (మన దేశంలో కోర్సులకి గుర్తింపు ఇచ్చే బోర్డు) టైర్ 1 గుర్తింపు ఉన్న కోర్సులో పాసయితే దారి సులువు. మీ కాలేజీ, మీ బ్రాంచ్, మీరు పాసైన సంవత్సరం మూడూ ఆ లిస్టులో ఉండాలి, కాలేజీ పేరు ఒక్కటే ఉంటే సరిపోదు. లేకపోతే సీడీఆర్ రాయాలి, అంటే మీరు చేసిన మూడు పనుల గురించి మూడు కెరీర్ ఎపిసోడ్లు, ఒక్కొక్కటి 1000 నుంచి 2500 మాటలు, వాటితో పాటు ఒక సమ్మరీ స్టేట్‌మెంట్, నేర్చుకున్న కోర్సుల లిస్టు. దీన్ని డబ్బులిచ్చి రాయించుకోవద్దు. ఆ అమ్మేవాడు అదే రాతని పదిమందికి అమ్ముతాడు, ఇంజనీర్స్ ఆస్ట్రేలియా వాళ్ళ దగ్గర కాపీ పట్టే సాఫ్ట్‌వేర్ ఉంది, దొరికితే తిరస్కరించడమే కాదు కొన్నాళ్ళు మళ్ళీ అప్లై చేయకుండా నిషేధం కూడా పెడతారు. దమన్‌జోడిలో డైజెస్టర్ దగ్గర పంప్ ట్రిప్ అవుతుంటే మీరేం చేశారో మీకన్నా బాగా ఎవరు రాస్తారు చెప్పండి, ఇంగ్లీషు సాదాగా ఉన్నా పర్లేదు, "మేము" అని కాకుండా "నేను" అని రాయండి, వాళ్ళు చూసేది అదే.

ఐటీ వాళ్ళకి ఏసీఎస్ మొదటి కొన్నేళ్ళ అనుభవాన్ని లెక్కలోంచి తీసేస్తుంది, చదువు ఆ పనికి బాగా దగ్గరగా ఉంటే 2 ఏళ్ళు, కాస్త దూరమైతే 4 ఏళ్ళు. ఆరేళ్ళు చేశాను కాబట్టి ఆరేళ్ళ పాయింట్లు అనుకుంటే లెక్క తప్పుతుంది.

ఐటీఐ చేసి ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, వెల్డర్ పని చేసేవాళ్ళకీ దారి ఉంది, మనవైపు ఈ సంగతి ఎవరూ చెప్పరు, అందరూ బీటెక్ వాళ్ళ గురించే మాట్లాడతారు. కాకపోతే సర్టిఫికెట్ చూపించి ఊరుకుంటే కాదు, చాలా ట్రేడ్లకి టెక్నికల్ ఇంటర్వ్యూ, కొన్నిటికి ప్రాక్టికల్ కూడా ఉంటుంది. నర్సుల్లో బీఎస్సీ వాళ్ళకన్నా జీఎన్‌ఎం వాళ్ళకి దారి కొంచెం పొడుగు, అక్కడి నర్సింగ్ రిజిస్ట్రేషన్ సంగతి ముందు తేల్చుకుని తర్వాత దిగండి. టీచర్లకి ఐఈఎల్‌టీఎస్‌లో మాట్లాడటం, వినడం 8, చదవడం, రాయడం 7 అడుగుతారు, అందుకని వాళ్ళు ఇంగ్లీషు పరీక్షతోనే మొదలుపెట్టాలి.

కాగితాలు, ఇక్కడే అసలు పని

మన బోర్డర్ ఏరియా వాళ్ళకి పేర్ల గొడవ ఉంటుంది. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు ముందు, పాస్‌పోర్ట్‌లో అదే వెనక. ఒడియా స్కూల్లో చదివితే "వ" ఉన్న పేర్లన్నీ "బ" అయిపోతాయి, వెంకట్ కాస్తా బెంకట్, విజయ్ కాస్తా బిజయ్, ఇంటర్ ఇచ్ఛాపురంలోనో పలాసలోనో చేస్తే అక్కడ మళ్ళీ వెంకట్. మనకిది నవ్వులాట, ఆస్ట్రేలియా ఆఫీసర్‌కి మాత్రం ఇద్దరు వేర్వేరు మనుషులు. ఏం చేయాలంటే, పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరే చివరి మాట అనుకుని, మార్చగలిగినవి దానికి తగ్గట్టు మార్పించుకోండి, మార్చలేని పాత సర్టిఫికెట్లకి "ఈ రెండు పేర్లూ నావే" అని అఫిడవిట్ చేయించండి, వీసా ఫారంలో వేరే పేర్లు ఉన్నాయా అని అడిగే చోట అన్ని స్పెల్లింగులూ రాయండి. దాచిపెడితేనే అనుమానం, రాస్తే ఎవరూ ఏమనరు. పెళ్ళయ్యాక భార్య ఇంటిపేరు ఒకచోట మారి ఇంకోచోట మారకపోవడం కూడా ఇలాంటిదే, ఆవిడ కాగితాలు కూడా ఇప్పుడే చూడండి.

ఒడియాలోనో తెలుగులోనో ఉన్న కాగితం ఏదైనా ఇంగ్లీషులోకి మార్పించాలి. ఇండియాలో చేసిన అనువాదానికి ఆస్ట్రేలియా గుర్తింపు ఉన్న ట్రాన్స్‌లేటరే అక్కర్లేదు, కానీ చేసిన మనిషి పూర్తి పేరు, అడ్రస్, ఫోన్ నంబర్, ఆ భాషలో ఉన్న అర్హత, అన్నీ కాగితం మీద ఉండాలి. కోర్టు దగ్గర టైపు చేసే ఆయన ఒట్టి స్టాంపు కొట్టిస్తే అది చాలదు.

ఇక ఉద్యోగ అనుభవం. ఇది బాగా కష్టమైనది, ముఖ్యంగా పెద్ద ప్లాంట్లలో కాంట్రాక్టర్ కింద పనిచేసేవాళ్ళకి. అల్యూమినా ప్లాంట్లో, పేపర్ మిల్లులో, ఫెర్రో అల్లాయ్స్‌లో ఏళ్ళ తరబడి పనిచేస్తారు, గేటు పాస్ మీద కంపెనీ పేరు, జీతం ఇచ్చేది కాంట్రాక్టర్, ఆ కాంట్రాక్టర్ రెండేళ్ళకోసారి మారతాడు, కొంత జీతం చేతికి ఇస్తాడు. ఆస్ట్రేలియా వాళ్ళు నమ్మేది లెటర్‌హెడ్ మీద ఉన్న రిఫరెన్స్ లెటర్, అందులో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, వారానికి ఎన్ని గంటలు, ఏ పని చేశాడు, జీతం ఎంత, సంతకం చేసిన వాళ్ళ పేరు, హోదా, ఫోన్ నంబర్. దానికి తోడు జీతం నిజంగా వచ్చిందనే రుజువు, అంటే పే స్లిప్పులు, బ్యాంక్ స్టేట్‌మెంట్, ఫారం 16, ఫారం 26ఏఎస్, పీఎఫ్ పాస్‌బుక్. పీఎఫ్ పాస్‌బుక్‌ని తక్కువ అంచనా వేయకండి, యూఏఎన్ ఉంటే ఏ కాంట్రాక్టర్ ఏ నెల ఎంత కట్టాడో అందులో వరసగా ఉంటుంది, మనం చెప్పే కథకి అది ప్రభుత్వ సాక్ష్యం. కాంట్రాక్టర్ మారే ముందే లెటర్ తీసుకోండి, వెళ్ళిపోయాక ఫోన్ ఎత్తరు. జీతం ఇప్పటికీ చేతికి తీసుకుంటున్నారా, వచ్చే నెల నుంచైనా అకౌంట్‌లో వేయమని అడగండి.

లెక్కలోకి వచ్చేది గత 10 ఏళ్ళ అనుభవం, వారానికి కనీసం 20 గంటలు జీతం తీసుకుని చేసిన పని. ట్రైనింగ్, ఇంటర్న్‌షిప్ లాంటివి దీంట్లో కలపడం ప్రమాదం.

ఇంగ్లీషు పరీక్ష, పాయింట్లు

ఐఈఎల్‌టీఎస్, పీటీఈ రెండిట్లో ఏదైనా పర్లేదు, మనకి దగ్గర సెంటర్లు విశాఖ, భువనేశ్వర్. ఉదయం స్లాట్ తీసుకుంటే ముందు రోజే వెళ్ళి పడుకోండి, రాయగడ నుంచి రాత్రి రైల్లో కూర్చుని వెళ్ళి పొద్దున్నే పరీక్ష రాసేవాళ్ళని చూస్తే జాలేస్తుంది. ఐఈఎల్‌టీఎస్‌లో అన్నిట్లో 6 ఉంటే అర్హత మాత్రమే, పాయింట్లు సున్నా, అన్నిట్లో 7 ఉంటే 10, అన్నిట్లో 8 ఉంటే 20. పీటీఈ స్కోర్ల హద్దులు ఆగస్టు 2025లో మారాయి, పాత వీడియోలు చూసి 65, 79 అని పట్టుకోకుండా ఆస్ట్రేలియా వీసాలు చూసే హోమ్ అఫైర్స్ శాఖ సైట్లో చూసుకోండి. స్కోరు మూడేళ్ళు పనికొస్తుంది.

వయసు 25 నుంచి 32 మధ్య అయితే 30 పాయింట్లు, 18–24కి, 33–39కి 25, 40–44కి 15, 45 వచ్చేస్తే దారి మూసుకున్నట్టే. డిగ్రీకి 15, పీహెచ్‌డీకి 20, డిప్లొమాకి 10. బయటి దేశంలో అనుభవం 3 ఏళ్ళకి 5, 5 ఏళ్ళకి 10, 8 ఏళ్ళకి 15. పెళ్ళికాని వాళ్ళకి 10. పెళ్ళయితే, భార్యకో భర్తకో కూడా అసెస్‌మెంట్, ఇంగ్లీషు ఉంటే 10, ఇంగ్లీషు మాత్రమే ఉంటే 5. ఇంకోటి, చాలామంది వదిలేసేది, అక్కడి అనువాదకులకి గుర్తింపు ఇచ్చే నాటీ అనే సంస్థ వాళ్ళ సీసీఎల్ పరీక్ష, ఇది తెలుగులో ఉంది, ఇంగ్లీషు సంభాషణని తెలుగులోకి, తెలుగుది ఇంగ్లీషులోకి నోటితో చెప్పాలి, 90కి 63 రావాలి, రెండు డైలాగుల్లో ఒక్కోదాంట్లో 45కి 29 తగ్గకూడదు. దీనికి 5 పాయింట్లు. మనం ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, ఆఫీసులో హిందీ మాట్లాడి మూడూ కలిపేస్తాం, ఈ పరీక్షలో అలా కలిపితే మార్కులు పోతాయి, అద్దె, ఆసుపత్రి, ఇన్సూరెన్స్, కోర్టు లాంటి విషయాల్లో మాటలు ప్రాక్టీస్ చేయండి.

ఉదాహరణకి 29 ఏళ్ళ పెళ్ళికాని మెకానికల్ ఇంజనీరు, బీటెక్, 5 ఏళ్ళ అనుభవం, ఇంగ్లీషు 7లు అనుకోండి. 30, 15, 10, 10, 10 కలిపితే 75. 190కి 80, 491కి 90. సీసీఎల్ పాసైతే ఇంకో 5. కనీసం ఉండాల్సింది 65, కానీ 65తో పిలుపొస్తుందని ఆశపడకండి.

రాష్ట్రాన్ని ఎంచుకోవడం

ఆస్ట్రేలియాలో వీసాల లెక్కకి ఏడాది జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. ప్రతి ఏడాదీ కేంద్రం ఒక్కో రాష్ట్రానికి ఇన్ని 190లు, ఇన్ని 491లు అని కోటా ఇస్తుంది. 2024-25లో దేశం మొత్తం మీద స్టేట్ నామినేషన్‌కి 33,000, రీజనల్‌కి 33,000 పెట్టారు. కోటా వచ్చాక ఒక్కో రాష్ట్రం తన లిస్టు, తన షరతులు పెడుతుంది, అవి ఏడాది మధ్యలో కూడా మారతాయి, ఒక్కోసారి ఆపేస్తారు. అందుకని పోయినేడాది మీ ఫ్రెండుకి ఎలా వచ్చిందనేది ఈ ఏడాది మీకు పెద్దగా పనికిరాదు.

పద్ధతి కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. విక్టోరియా వాళ్ళకి కేంద్రానికి వేసే ఈఓఐతో (వీసా మీద ఆసక్తి ఉందని చెప్పే దరఖాస్తు, దాని సంగతి కింద ఉంది) పాటు వాళ్ళ సైట్లో ఆర్‌ఓఐ అని అలాంటిదే ఇంకోటి విడిగా వేయాలి. కాన్‌బెర్రా వాళ్ళు మాట్రిక్స్ అని సొంత పాయింట్ల లెక్క పెట్టుకున్నారు. టాస్మేనియాలో గోల్డ్, గ్రీన్ అంటూ రంగుల పాసులతో ఎవరిని ముందు పిలవాలో చూస్తారు, అందులో అక్కడే ఉన్నవాళ్ళకి ముందు చోటు. నిజం చెప్పాలంటే చాలా రాష్ట్రాలు ఇప్పటికే అక్కడ ఉండి పనిచేస్తున్నవాళ్ళకే మొగ్గు చూపిస్తాయి, ఇక్కడ కూర్చుని వేసేవాళ్ళకి తక్కువ పనులే తెరుస్తారు. అందుకని రాష్ట్రం సైట్లో మొదట చూడాల్సింది "బయటి దేశంలో ఉన్నవాళ్ళు వేయొచ్చా" అనే లైను, ఆ తర్వాతే మిగతావి.

ఇక్కడ మనవైపు వాళ్ళకి ఒక మంచి సంగతి ఉంది, దీన్ని ఎవరూ వాడుకోరు. రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఉన్నవి బాక్సైట్, అల్యూమినా, ఫెర్రో క్రోమ్, పేపరు. ఆస్ట్రేలియా అల్యూమినాలో ప్రపంచంలోనే పెద్ద దేశాల్లో ఒకటి, పశ్చిమ ఆస్ట్రేలియాలో పింజర్రా, వేజరప్, వర్స్‌లీ రిఫైనరీలు, క్వీన్స్‌లాండ్‌లో గ్లాడ్‌స్టన్ దగ్గర రిఫైనరీలు. దక్షిణ ఆస్ట్రేలియాలో పోర్ట్ పిరీలో సీసం స్మెల్టర్, వయల్లాలో స్టీలు. టాస్మేనియాలో హోబార్ట్ దగ్గర జింకు, బోయర్‌లో పేపరు. బాక్సైట్ నుంచి అల్యూమినా తీసే బేయర్ ప్రాసెస్‌లో ఐదేళ్ళు చేసిన కెమికల్ ఇంజనీరుకి సిడ్నీ ఎందుకు, ఆ ఊళ్ళలో మీ అనుభవానికి నేరుగా పనుంది. రాష్ట్రం "మా దగ్గరికే ఎందుకు" అని అడిగితే రాయాల్సింది ఇదే, మీరు ఏ పని చేశారు, అలాంటి పని ఆ రాష్ట్రంలో ఎక్కడెక్కడ ఉంది, ఏ జాబ్ ప్రకటనలు చూశారు, ఇల్లు అద్దె ఎంత, పిల్లల స్కూలు ఎక్కడ. అందమైన బీచ్‌లు, ప్రశాంతమైన జీవితం అని రాసిన లెటర్లు వాళ్ళు రోజూ చదువుతుంటారు. ఒకే లెటర్లో రాష్ట్రం పేరు మార్చి అందరికీ పంపించడం ఇంకా దండగ.

రీజనల్ ఏరియాలో దగ్గరి బంధువు పీఆర్‌గానో సిటిజన్‌గానో ఉంటే 491కి వాళ్ళ స్పాన్సర్‌షిప్ కూడా ఒక దారి, అప్పుడు రాష్ట్రంతో పని లేదు.

ఈఓఐ వేయడం

స్కిల్ అసెస్‌మెంట్, ఇంగ్లీషు స్కోరు రెండూ చేతిలో ఉన్నాకే స్కిల్‌సెలెక్ట్ అనే అక్కడి ప్రభుత్వ సైట్లో ఈఓఐ వేయండి. ఇది ఉచితం, డబ్బులు అడిగితే అది ఏజెంట్ ఫీజు, ప్రభుత్వానిది కాదు. రెండేళ్ళు ఉంటుంది, పిలుపొచ్చేదాకా మార్చుకోవచ్చు. ఒక్కో రాష్ట్రానికి విడిగా ఒక్కో ఈఓఐ వేసుకుంటే గజిబిజి ఉండదు. పాయింట్లు ఒక్కటి కూడా ఎక్కువ వేయకండి, అసెస్‌మెంట్‌లో లెక్కలోకి రాని అనుభవాన్ని కలిపి 5 పాయింట్లు పెంచుకుంటే పిలుపు వస్తుంది గానీ వీసా దగ్గర తిరస్కరిస్తారు, కట్టిన ఫీజు తిరిగి రాదు. పుట్టినరోజు వస్తే వయసు పాయింట్లు తగ్గుతాయి, 33 దగ్గర పడుతున్నవాళ్ళు కాగితాల్లో ఆలస్యం చేయకూడదు.

రాష్ట్రం పిలిస్తే నామినేషన్ అప్లికేషన్‌కి తక్కువ గడువు ఇస్తుంది, కొన్నిచోట్ల ఫీజు కూడా ఉంటుంది. ఏజెంట్ దగ్గరికి వెళ్ళేవాళ్ళు మారా (వీసా ఏజెంట్లని నమోదు చేసే ఆస్ట్రేలియా ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి, ఆ నంబర్ సైట్లో చూసుకోండి. "నామినేషన్ గ్యారంటీ, ముందు లక్షలు కట్టండి" అనేవాడిని నమ్మొద్దు, నామినేషన్ ఇచ్చేది అక్కడి ప్రభుత్వం, ఇక్కడి ఏ ఆఫీసుకీ దాన్ని అమ్మే అధికారం లేదు.

వీసా అప్లికేషన్

నామినేషన్ ఓకే అయితే ఇన్విటేషన్ వస్తుంది, అప్పటి నుంచి 60 రోజుల్లో వీసా వేయాలి. ముఖ్య అభ్యర్థికి ఫీజు 2024-25లోనే 4,700 ఆస్ట్రేలియన్ డాలర్లు దాటింది, సాధారణంగా జూలైలో పెరుగుతుంది, భార్యకి లేదా భర్తకి, పిల్లలకి విడిగా. ఇక్కడ ఇంకో ఖర్చు దాక్కుని ఉంది, 18 దాటిన కుటుంబ సభ్యుడికి ఫంక్షనల్ ఇంగ్లీషు, అంటే కనీస ఇంగ్లీషు వచ్చనే రుజువు లేకపోతే ఇంకో 4,890 డాలర్ల దాకా కట్టాలి. హైస్కూలో డిగ్రీయో ఇంగ్లీషు మీడియం అయితే కాలేజీ నుంచి ఆ లెటర్ తెచ్చుకుంటే సరిపోతుంది, ఒడియా మీడియంలో చదివినవాళ్ళు ఐఈఎల్‌టీఎస్‌లో సగటు 4.5 తెచ్చుకుంటే ఆ డబ్బు మిగులుతుంది.

పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్ట్ సేవా సైట్లోనే. ఒడిశా అడ్రస్ అయితే భువనేశ్వర్ ఆఫీసు పరిధి, శ్రీకాకుళం అడ్రస్ అయితే విశాఖ. బరంపురంలో ఉంటూ పాస్‌పోర్ట్ మీద పలాస అడ్రస్ ఉన్నవాళ్ళు వెరిఫికేషన్ ఎక్కడ జరగాలో ముందే సరిచేసుకోండి, లేకపోతే కానిస్టేబుల్ పాత ఇంటికి వెళ్ళి "లేరు" అని రాసి పంపిస్తాడు. గల్ఫ్‌లో గత పదేళ్ళలో మొత్తం ఏడాది ఉన్నా అక్కడి క్లియరెన్స్ కూడా కావాలి, దానికి చాలా టైం పడుతుంది, ముందుగా మొదలుపెట్టండి. మెడికల్ ఎక్కడపడితే అక్కడ కాదు, వాళ్ళ ప్యానెల్ డాక్టర్ దగ్గరే, హైదరాబాద్‌లో ఉన్నారు.

వీసా వచ్చాక

190 వచ్చినవాళ్ళు నామినేట్ చేసిన రాష్ట్రంలో రెండేళ్ళు ఉంటామని మాటిచ్చినట్టు, అది వీసా మీద షరతుగా రాసి ఉండదు, కానీ మాట మాటే. 491 వాళ్ళకి మాత్రం రీజనల్‌లో ఉండటం వీసా షరతే, తప్పితే వీసాకే ముప్పు. దిగిన రోజు నుంచే ఇంటి అద్దె అగ్రిమెంట్, కరెంటు బిల్లులు, పే స్లిప్పులు ఒక ఫోల్డర్లో పెట్టుకుంటూ పోండి, ఉద్యోగం మారినా ఇల్లు మారినా అడ్రస్ అప్‌డేట్ చేయండి. ప్రతి జూన్ 30 తర్వాత ట్యాక్స్ రిటర్న్ వేసి, అక్కడి పన్ను శాఖ ఏటీఓ పంపే నోటీస్ ఆఫ్ అసెస్‌మెంట్ డౌన్‌లోడ్ చేసి దాచండి, 191కి మూడేళ్ళవి అడుగుతారు.